నవ్వి ఆగాలి

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు. అన్నారుగానీ, ఆ పెద్దల్లో ఒక్కరన్నా మార్కాపురంలో నీళ్ల మిషన్లు అమ్మినోళ్లు గాదు. అమ్మి ఉంటే ఆ మాట నోటికి వచ్చేది గాదు. నవ్వు లేకపోతే మిషనుకు దిక్కు లేదని వినయ్ కుమార్ సారును అడిగితే చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు.

ఈ వినయ్ కుమార్ నీళ్లు శుద్ధి చేసే మిషన్ల కంపెనీకి మార్కాపురంలో మేనేజరు. గుంటూరు మనిషి. నలగని చొక్కా, ఆరని సెంటు వాసన. బస్టాండు కాడ మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు పెట్టుకొని, పొద్దున్నే ఆడపిల్లల్ని అద్దం ముందర వరసగా నిలబెట్టి నవ్వించేవాడు. మిషను ఎవరూ కొనరు, మీ ముఖం కొంటారు అని రోజూ అదే పాట. ఆయన పద్ధతి ఆయనకుంది. మొదట ఆ ఇంటోళ్ల బోరునీళ్లు గ్లాసులో పోసి, నీళ్లల్లో ఎంత చెడు ఉందో చెప్పే వేలెడంత మీటరు ముంచి, నంబరు పైకి ఎగబాకేది చూపించాలి. తరువాత మిషను నీళ్లల్లో ముంచి, నంబరు కిందికి పడేది చూపించాలి. అప్పుడు నవ్వాలి. ఊరికే మూతి సాగదీస్తే గాదు, పళ్లు కనపడాలి. నవ్వి ఆగాలి. ఇంక ఒక్క మాట మాట్లాడగూడదు. నవ్విన తరువాత ముందు నోరు తెరిచినోడే ఓడిపోయినట్టు. మనం ఆగితే అవతలోళ్లకు ఊపిరాడక ఏదో ఒకటి అంటారు, ఆ అన్నదే మనకు ఆర్డరు. ఇదీ ఆయన చెప్పే వేదం.

ఈ వేదాన్ని సుచరిత నేర్చుకున్నట్టు ఇంకెవరూ నేర్చుకోలా. పొదిలి పోయినా, గిద్దలూరు పోయినా, రాచర్ల సందుల్లో తిరిగినా, ఆ పిల్ల నవ్వి ఆగిందంటే ఆ ఇంట్లో గోడకు మేకు దిగినట్టే. ఎంత పిసినారి అయినా కాసేపు గ్లాసుల వంక చూసి, ఇంకాసేపు ఆమె పళ్ల వంక చూసి, సరే పంపించండి అనేవాడు. మేనేజరుకు ఆమె అంటే తగని మురిపెం. కొత్తగా చేరిన పిల్లలకు ఆమెను చూపించి, అదిగో, అట్లా నవ్వాలి అనేవాడు.

అయితే ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ పళ్లు సుచరితవి గావు.

సుచరిత పుట్టింది తర్లుపాడు అవతల పల్లెలో. ఆ పక్క నీళ్ల సంగతి తెలియందెవరికి? బోరు ఎంత లోతు పోతే అంత ఫ్లోరైడు. బడికి పోయే పిల్లోడు నోరు తెరిస్తే వాడిది ఏ ఊరో చెప్పొచ్చు. పళ్లమీద పసుపు చారలు, గోధుమరంగు మచ్చలు, ఇటుకపొడితో తోముకున్నట్టు ఉంటయ్. పెద్దోళ్లకయితే నడుములు వంగిపోతయ్, మెడలు తిరగవు. ఆ ఊళ్లో ఆడపిల్లకు నవ్వొస్తే ముందు చెయ్యి లేస్తది, ఆ చెయ్యి నోటికి అడ్డం పడినాక నవ్వు బయటికి వస్తది. ఎవరూ నేర్పరు. అమ్మను చూసి బిడ్డ, అక్కను చూసి చెల్లెలు నేర్చుకుంటారు. సుచరితా అట్ల నవ్వినామెనే.

ఉద్యోగంలో తీసుకునేటప్పుడు వినయ్ కుమార్ ఆమె చెయ్యి తీయించి చూసినాడు. ముఖం బాగుంది, పళ్ల సంగతి కంపెనీ చూసుకుంటది అన్నాడు. ట్రైనింగుకని గుంటూరు తీసుకపోయి, అక్కడ ఒక పళ్ల డాక్టరు కాడ కూర్చోబెట్టినారు. పైన, కింద ముందరి పళ్లన్నీ అరగదీసి తెల్లటి క్యాపులు తొడిగినారు. సూది వేసినందుకు నొప్పి తెలియలా. మూతి తనది గాదన్నట్టు వేలాడింది. టీ ఇస్తే గడ్డం మీదుగా కారిపోయింది. సాయంత్రానికి పెదవికి స్పర్శ వచ్చింది. నవ్వుకు మాత్రం ఇంతవరకూ రాలా. ముఖం నవ్వుతుంటది, ఆమె వెనకనుంచి చూస్తుంటది. అంతే.

ట్రైనింగు అయినాక, నెల తిరక్కుండానే కంపెనీ వాళ్లిచ్చిన నమూనా మిషను సంకన పెట్టుకొని ఊరికొచ్చింది. మిషనూ, పళ్లూ ఒకే బస్సులో దిగినయ్. ఊరు రెంటినీ చూసింది. ఈ రెంటినీ ఎట్ల ముడేసుకోవాలో ఊరికి ఒకరు చెప్పాలా?

ఆమె నాయన మాలకొండయ్యకు ఒక్కడికే అసలు సంగతి తెలిసింది. ఆయన నడుము కొడవలి మాదిరి వంగిపోయి ఉండేది. ఎవరినన్నా చూడాలంటే మెడ తిరగక మనిషి మనిషే తిరగాలి. అట్ల తిరిగి, కూతురి ముఖం కిందినుంచి పైకి చూసి, ఎవరి పళ్లమ్మా ఇవి అని అడిగినాడు. ఆమె చెప్పింది. బాగుండాయ్ అన్నాడు. మరి నీ నవ్వు ఏమయింది అన్నాడు. ఆమె నవ్వింది. ఇంక ఆయన ఆ ఊసెత్తలా, ఎవరికీ చెప్పలా కూడా. ఇంటి గుట్టు లంకకు చేటని తెలిసిన మనిషి.

మొన్న ఎండాకాలంలో ఆయన పోయినాడు. పాడె మీద పండుకోబెడితే నడుము సాగలా. తలకింద, కాళ్లకింద గడ్డి ఎత్తు పెట్టి కట్టాల్సి వచ్చింది. బతికుండంగా ఏ వంకర మాటా మాట్లాడని మనిషి, పోయేటప్పుడు తిన్నగా పండుకోలేకపోయెనే అని ఆడోళ్లు గుండెలు బాదుకున్నారు. సుచరితకు కంట్లో చుక్క రాలా. ఎవరో ఆమెను పట్టుకొని ఊపి, ఏడువు తల్లీ, ఏడిస్తే తేలిక పడతావు అన్నారు. ఏడుద్దామనే చూసింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అంతుబట్టలా.

పెద్దదినం అయిన మర్నాడే పొదిలిలో డెమో. మేనేజరు ఫోనులో చాలా బాధపడి, రెండు రోజులు ఆగి పోరాదా అనికూడా అన్నాడు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆమే పోయింది. మీటరు ముంచింది, నంబరు చూపించింది, నవ్వింది, ఆగింది. ఆర్డరు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఇప్పుడన్నా ఏడుపొస్తదేమోనని కాసుకొని కూర్చుంది. కొనకనమిట్ల వచ్చింది, తర్లుపాడు రోడ్డు వచ్చింది, మార్కాపురం వచ్చింది. ఏడుపు రాలా. దిగి రూముకు పోయి అన్నం వండుకుంది.

ఆ నెల చివర కంపెనీ పెట్టిన లెక్కకు ఒక్క మిషను తక్కువ పడింది. వేరే ఏ ఇల్లూ తోచక పెద్దమ్మ ఇంటికి పోయింది. పెద్దమ్మ అంటే మాలకొండయ్య అన్న భార్య ఇందిరమ్మ. పెద్దనాయన ఎప్పుడో పోయినాడు. ఇందిరమ్మకు ఇంత కందిచేను, నాలుగు మేకలు, ఒక్క కూతురు లక్ష్మీప్రియ. ఆ పిల్ల ఇంటరు చదివి, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోతుండేది. పలకలకు అంచు చెక్కలు బిగించే పని. సుచరిత అంటే ఆ పిల్లకు ప్రాణం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచంలో పండుకొని, నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకొని, దేనికో ఒకదానికి పొట్ట పట్టుకొని నవ్వినోళ్లు.

వసారాలో రెండు గ్లాసులు పెట్టింది సుచరిత. మీటరు ముంచింది. పెద్దమ్మ ఇంటి నీళ్లల్లో నంబరు ఎట్ల ఎక్కాలో అట్లనే ఎక్కింది. నవ్వింది. ఆగింది.

ఇందిరమ్మ నంబరు చూడలా. ఆమెకు నంబర్లతో పనేంది? కోడలి పళ్ల వంక చూసే అత్త మాదిరి కాసేపు తేరిపార చూసి, "పోగొట్టుకున్నచోటే వెతుక్కోమన్నారు గదమ్మా. నీళ్లు చెడగొట్టిన పళ్లను నీళ్లే బాగుచెయ్యాలి. మా ప్రియకు గూడా నీ మాదిరి అయితయ్ గదా?" అన్నది.

కావు. ఆ ముక్క సుచరితకు తెలుసు. పళ్లు లోపల తయారయ్యేటప్పుడు పట్టిన మచ్చ తరువాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదని గుంటూరులో ఆ డాక్టరే చెప్పినాడు. పాలపళ్లు ఊడని పిల్లలు ఉంటే వాళ్లకు అక్కరకు వస్తది, పెద్దోళ్ల ఎముకలు ఇంకా చెడకుండా ఉంటయ్, అంతే అన్నాడు. పెద్దమ్మ ఇంట్లో పాలపళ్ల పిల్లలు ఎవరూ లేరు. చెబుదామని నోటిదాకా వచ్చింది కూడా. అయితే అప్పటికే నవ్వి ఆగి ఉంది. నవ్వి ఆగినాక మాట్లాడగూడదని నాలుకకు అలవాటయిపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా. ఇందిరమ్మ అర్ధం గాదు, మొత్తంగానే తీసుకుంది. ఆ వారం సంతలో రెండు మేకలు పోయినయ్, వంటింటి గోడకు మిషను వచ్చింది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి గ్లాసు కూతురి చేత తాగించింది ఇందిరమ్మ.

పోనీలే, పెద్దమ్మ మోకాళ్లకయినా మంచిది అనుకుంది సుచరిత. అట్లని అనుకోవడమే తప్ప, మంచీ చెడూ ఏదీ లోపలికి దిగలా.

ఆ తరువాత వచ్చిన ఆదివారం ఆమె ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ప్రియ పళ్లు. పెదవులు వేళ్లతో పైకెత్తి పట్టుకొని, వాకిట్లో ఎండలో నిలబడి తీసుకుంది. కింద, ఏమన్నా తేడా కనపడుతుందా అక్కా అని రాసింది. సుచరిత చూసింది. ఎట్ల పుట్టినయ్యో అట్లనే ఉన్నయ్. ఫోనులో నవ్వు బొమ్మ ఒకటి ఉంటది గదా, పసుపు ముఖం, తెల్ల పళ్లు. దాన్ని నొక్కి పంపించింది. మళ్లీ ఆదివారం మళ్లీ ఫోటో. మళ్లీ నవ్వు బొమ్మ. దసరాకు ఆయుధపూజ నాడు ఇందిరమ్మ మిషనుకు బంతిపూల దండ వేసిందని ఆ ఫోటో కూడా వచ్చింది. దానికీ అదే బొమ్మ. అది ఒక పనిగా అయిపోయింది. ఫోటో వస్తది, వేలు దానంతట అదే బొమ్మ మీదికి పోతది.

దసరా దాటినాక ఒకనాడు ప్రియే ఫోను చేసింది. పలకల ఫ్యాక్టరీ మానేసి చాలా రోజులయిందంట. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది, పళ్లు బాగయితే ఇంకో పని వస్తదిలే అని మిషను కొన్న కొత్తల్లోనే మానేసిందంట. ఇప్పుడు ఇంట్లో ఊరికే ఉండలేకపోతున్నా, మీ కంపెనీలో గిద్దలూరు పక్క తిరిగేదానికి ఆడపిల్లలు కావాలంట గదా, సారుకు ఒక మాట చెప్పు అక్కా అని అడిగింది. అద్దం ముందర నిలబడి నవ్వడం, ఆగడం అన్నీ నేర్చుకున్నానని గూడా చెప్పింది. సుచరిత సరే అన్నది. ఫోను పెట్టినాక గోడకు ఆనుకొని నిలబడిపోయింది. ఆ పళ్లతో ఆ పిల్ల ఆ అద్దం ముందర నిలబడితే సారు ఏమంటాడో ఆమెకు తెలుసు. ఆ మాట పరాయి మనిషి నోటినుంచి వినేదానికంటే ముందు తనే చెప్పాలని తెలుసు. చెప్పకపోతే ప్రియకు తన ముఖం చూపించలేననీ తెలుసు. అన్నీ తెలుసు. తెలిసినోళ్లందరూ చెయ్యగలిగితే లోకం ఎప్పుడో బాగుపడును.

సారు రమ్మన్న రోజు ప్రియ తొమ్మిది గంటల బస్సుకే దిగింది. నీలం చుడీదారు, తలలో కనకాంబరాలు. ఇద్దరూ బస్టాండులో టీ తాగినారు. ఇప్పుడు చెబుదామనుకుంది సుచరిత. టీ అయిపోయింది. రోడ్డు దాటినాక చెబుదామనుకుంది. రోడ్డు దాటినారు. మందుల షాపు పక్కన మెట్ల కాడికి వచ్చినారు. రెండు మెట్లెక్కి ప్రియ ఆగి, వెనక్కి తిరిగింది.

"అక్కా, ఒకసారి చూడు. సారు ముందర ఇట్ల నవ్వితే సరిపోతదా?"

నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలా. పసుపు చారలూ, గోధుమ మచ్చలూ అన్నీ అట్లనే ఉన్నయ్. నవ్వి, ఆగింది.

సుచరిత ముఖం దాని పని అది చేసింది. తనూ నవ్వింది. నవ్వి, ఆగింది.

ఇంక చూసుకోండి. మెట్ల మీద ఒకామె, కింద ఒకామె, ఇద్దరూ పళ్లు బయటపెట్టుకొని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటా నిలబడినారు. ముందు మాట్లాడినోళ్లు ఓడిపోయినట్టు. షాపులో మాత్రలు కత్తిరిస్తున్న మనిషి కత్తెర ఆపి వీళ్ల వంక చూసినాడు. ప్రియ కళ్లు అక్క కళ్లల్లో ఏందో వెతుకుతున్నయ్. సుచరితకు అది కనపడుతూనే ఉంది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. గుంటూరులో సూది వేసిన నాటి మాదిరి నాలుక ఎక్కడుందో తెలియలా.

చివరికి, "పదా, సారు ఎదురు చూస్తుంటాడు" అన్నది.

ప్రియ నవ్వు మానింది. తల ఊపి, ముందు నడిచింది.

వినయ్ కుమార్ మర్యాదగానే కూర్చోమన్నాడు. ఊరు అడిగినాడు, చదువు అడిగినాడు. గ్లాసులు పెట్టి డెమో చెయ్యమన్నాడు. ప్రియ తడబడకుండా చేసింది. మాట తేటగా ఉంది. ఆఖర్న నవ్వింది. మేనేజరు ముఖం మీద నవ్వు చెక్కుచెదరలా, ఆయనా ఆ విద్యలో పండినవాడే గదా. కాస్త ముందుకు వంగి, "చాలా బాగుందమ్మా. పళ్ల గురించి దిగులు పడొద్దు. మీ అక్కకు చేయించినట్టే గుంటూరులో క్యాపులు వేయిస్తాం. అక్క చెప్పే ఉంటుంది కదా?" అన్నాడు.

సుచరిత నేల చూసింది. గచ్చుమీద కుర్చీ కాళ్లు గీసిన గీతలున్నయ్. వాటినే చూస్తా నిలబడింది.

"చెప్పింది సార్" అన్నది ప్రియ.

ఆలోచించుకొని ఫోను చేస్తానని లేచి నమస్కారం పెట్టింది. మేనేజరు సుచరితకు కళ్లతోనే మెచ్చుకున్నట్టు సైగ చేసినాడు, మంచి పిల్లను తెచ్చినావని.

మెట్లు దిగినారు. రోడ్డు దాటినారు. బస్టాండులో సిమెంటు బల్లమీద కూర్చున్నారు. తర్లుపాడు బస్సు ఇంకా పెట్టలా. ప్రియ ఏడుస్తదేమో, తిడుతదేమో అనుకుంది సుచరిత. తిడితే బాగుండు అనుకుంది. ఆ పిల్ల తలలో కనకాంబరాలు జారుతుంటే తీసి మళ్లీ పెట్టుకొని, మామూలుగానే మాట్లాడింది.

"నాకు ఎప్పుడో తెలుసక్కా. మిషను పెట్టిన కొత్తల్లోనే ఫోనులో వెతికి చూసినా. ఈ మచ్చలు పోవంట. అప్పటికే ఫ్యాక్టరీ మానేసినా, ఏం చేసేది?"

సుచరిత తల తిప్పి చూసింది. మరి ఆ ఫోటోలు ఎందుకు పంపించినావని అడగాలనుకుంది. అడగనక్కర లేకపోయింది.

"ఆదివారం ఆదివారం ఎందుకు పంపించినా అనుకున్నావ్? ఈసారన్నా చెబుతావని. నువ్వు నవ్వు బొమ్మ పంపిస్తావ్, నేను వచ్చే ఆదివారం దాకా చూస్తా. ఇందాక మెట్ల కాడ గూడా చెబుతావనే అనుకున్నా. పైకి పోయేదాకా అనుకున్నా."

పక్కన గిద్దలూరు బస్సు స్టార్టు అయింది. సుచరిత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ముఖం మీద నవ్వు ఇంకా ఉందని ఆమెకు తెలుస్తుంది, చెంపలు లాగుతున్నయ్. ఎప్పుడు పెట్టుకుందో తెలియలా, ఎట్ల తీసెయ్యాలో అంతకంటే తెలియలా.

"నొప్పి పుట్టిందా అక్కా, పళ్లు అరగదీసేటప్పుడు?" అని అడిగింది ప్రియ.

"లేదు. సూది వేసినారు. ఏమీ తెలియలా."

ప్రియ ఆమె చెయ్యి తీసుకొని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ పిల్ల ఇంకో రెండు మాటలు చెప్పింది. ఉద్యోగం సంగతి తరువాత చూసుకుంటానన్నది. అమ్మకు మాత్రం తను చెప్పలేనన్నది. అమ్మ రోజూ పొద్దున్నే తన ముఖం పట్టుకొని, తెల్లగయితున్నయ్ మే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది అంటదంట. ఊరికే అనడం గాదు, ఆమెకు నిజంగానే అట్ల కనపడుతున్నయ్ అన్నది. గంటలు కట్టిన ఆ రెండు మేకలూ పోయినాక చెవులకు గంటల చప్పుడు లేక తోచడం లేదు గానీ, నా బిడ్డ నవ్వుకంటే మేకలు ఎక్కువా అని అందరితో చెప్పుకుంటదంట.

"నువ్వే వచ్చి చెప్పాలక్కా. చెబుతావా?"

సుచరిత తల ఊపింది. తర్లుపాడు బస్సు పెట్టినారు. ఎక్కినారు. మేనేజరు రెండుసార్లు ఫోను చేసినాడు, ఆమె తియ్యలా. ప్రియ ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నిద్రలో ఆ పిల్ల నోరు కొంచెం తెరుచుకుంది. సుచరిత ఆ పళ్ల వంక దారిపొడుగునా చూసింది. మాలకొండయ్యవీ అవే పళ్లు, తనవీ అవే పళ్లు ఒకప్పుడు. ఆ క్యాపుల కింద అరగదీసిన మొండి పళ్లు ఎట్లున్నయ్యో ఆమె ఎప్పుడూ చూసుకోలా.

వీళ్లు పోయేసరికి ఇందిరమ్మ వసారాలో కందులు చెరుగుతుంది. ఇద్దరినీ చూసి చాట పక్కన పెట్టి, గబగబా లోపలికి పోయి మిషను తిప్పి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. వచ్చినోళ్లకు ఇప్పుడు ఆ ఇంట్లో ఆ నీళ్లే మర్యాద. మిషను నుంచి వృథాగా పోయే నీళ్లు బయట బొక్కెనలోకి చుక్కలు చుక్కలుగా పడుతున్నయ్. ఇందిరమ్మ సుచరిత ఎదురుగా మోకాళ్లు పట్టుకొని కూలబడి, పని వచ్చినట్టేనా, సారు ఏమన్నాడు, మా ప్రియ నవ్వు చూసి ఏమన్నాడు అని ఒక్క ఊపిరిన అడిగింది.

సుచరితకు నవ్వొచ్చింది. నవ్వు అంటే ఏ నవ్వు, ఆ ఆఫీసు నవ్వే. అడిగినోళ్లను చూస్తే చాలు అది వచ్చేస్తది. వచ్చి ముఖం మీద కూర్చుంది. ఆ నవ్వు పెట్టుకొని ఆ మాట ఎట్ల చెప్పేది? పెదవులు మూసి చూసింది, మూసుకోలా. నీళ్ల గ్లాసు కింద పెట్టింది. చెయ్యి లేచింది. ఎన్నేండ్లయిందో ఆ చెయ్యి అట్ల లేచి. నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి చాటునుంచే చెప్పింది. ఇవి తన పళ్లు గావని, గుంటూరులో తొడిగించినారని, ఈ నీళ్లకు ప్రియ పళ్లు మారవని, ఆ రోజు గ్లాసులు పెట్టిన నాడే తనకు తెలుసని. మాటలు వేళ్ల సందుల్లో నలిగిపోయినయ్.

ఇందిరమ్మ చెవి దగ్గరికి పెట్టింది.

"ఏందిమే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెబితే ఏం వినపడుతది? తీసి చెప్పు."

సుచరిత ప్రియ వంక చూసింది. ప్రియ తూము కాడ నిలబడి బొక్కెన వంక చూస్తుంది. సుచరిత చెయ్యి తీసింది. చెయ్యి కింద నవ్వు లేదు. ఎప్పుడు పోయిందో పోయింది.

"పెద్దమ్మా, ఇవి నా పళ్లు గావు" అన్నది. మిగతాది గూడా మొదటినుంచి చివరిదాకా మళ్లీ చెప్పింది. చెప్పి ఆగింది.

సుచరిత చూస్తా కూర్చుంది. బయట బొక్కెనలో చుక్కలు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపు ఆగినా అవతలినుంచి మాట రాలా. తిట్టనన్నా తిట్టలా. కాసేపటికి ఇందిరమ్మ కందుల చాట జరిపి, నేలకు చెయ్యి ఆనించి కష్టంగా లేచి, కూతురి కాడికి పోయింది. ఆ పిల్ల గడ్డం పట్టుకొని ముఖం వెలుతురుకు తిప్పింది. బొటనవేలితో పై పెదవి ఎత్తి, కళ్లు చిట్లించి, ఒక్కొక్క పన్నే చూసుకుంటా పోయింది.

"అట్లనే ఉన్నయ్" అన్నది.

సుచరితకు అప్పుడొచ్చింది ఏడుపు.